తాళం వేసిన సాంచెల ఇల్లు

మాది సోలాపూర్‌లో మరమగ్గాల ఇల్లు. ఇక్కడ వాటిని సాంచెలంటారు. పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు, ఒళ్లు తగ్గాలని రోజూ పొద్దున అశోక్ చౌక్ దాకా పరుగెత్తేదాన్ని. దారిలో తాళం వేసిన పాత ఇంటి అరుగుపై అలుపు తీర్చుకునేదాన్ని.

ఓ రోజు ఎదురింటి అవ్వ వారించింది. "ఆడ గూసోకు బిడ్డా. ఆ ఇంట్ల తొట్టెల చీర పిల్ల మెడకు సుట్టుకున్నది. తల్లి పక్క అర్రలనే సాంచె నడుపుతుండె. సప్పుడుల ఏడుపు ఇనరాలె. పిల్ల దక్కలె."

"మా పాపకు సాంచె నడిస్తెనే నిద్రవ్వా," అంటూనే ఇంటికి పరుగెత్తాను.

మా ఆయన అటు తిరిగి మగ్గం నడుపుతున్నారు. తొట్టెలో పాప ముఖం కందిపోయింది, నోరు తెరిచి ఉంది. ఏడుపు మాత్రం వినబడలేదు. మగ్గం ఆపేశాను. అప్పుడు వినబడింది.

"ఇప్పటిదాంక పండుకునే ఉండె గదనే!" అన్నారాయన.

ఎంతసేపట్నుంచి ఏడుస్తోందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ తెలియకపోవడమే ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.