గంజి తాగిన బటన్ గులాబీలు

పండగకో పెళ్ళికో నూలు చీర కట్టుకోవాలనిపించినప్పుడు ఇప్పటికీ ఇంట్లోనే గంజి కాస్తాను. పొయ్యి మీద అది చిక్కబడుతూ బుడగలు వేస్తుంటే వచ్చే ఆ వాసనకు కొందరికి అన్నం గుర్తొస్తుందట, కొందరికి ఇస్త్రీ బట్టలు గుర్తొస్తాయట. నాకు మాత్రం గుండె దడదడలాడుతుంది. ఇన్నేళ్ళయినా, అంజూర్ ఫాటా దగ్గర ఈ కొత్త బిల్డింగులో తలుపేసుకుని నా వంటింట్లో నేను నిలబడినా, ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, భివండి కనేరి గల్లీలో అటక చెక్కల మీద బోర్లా పడుకుని సందులోంచి కిందికి చూస్తూ ఊపిరి బిగబట్టిన పదేళ్ళ పిల్లనైపోతాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

భివండిలో మా ఇల్లు అసలు ఇల్లే కాదు. రాజేశం సేటు సాంచాల షెడ్డులో, అంటే కరెంటు మగ్గాల షెడ్డులో, సాంచాల మీదుగా చెక్కలు పరిచి వేసిన అటక. దాన్ని అక్కడ మాళా అనేవాళ్ళు. కింద మా బాపు సాంచాలు నడిపేవాడు, పైన మేం కాపురం ఉండేవాళ్ళం. పని ఉంటే గది ఉన్నట్టు, పని పోయిందా, సాయంత్రానికల్లా గిన్నెలు మూట కట్టుకోవాల్సిందే. సేటుదీ మా కరీంనగర్ వైపే, మా భాషే, మా కులమే, పండగకు మా ఇంట్లో సకినాలు తినేవాడే. అయినా సేటు సేటే. సాంచాలు నడుస్తున్నంతసేపూ చెక్కలు వణికేవి, కొక్కేలకు వేలాడే గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగేవి, అరుచుకోవడమే మాట్లాడుకోవడం అనుకుని పెరిగాం మేము. ఎండాకాలం పైరేకులు కాలి నడినెత్తిన కుంపటి పెట్టినట్టుండేది, వానాకాలం అవే రేకుల మీద వాన దరువేస్తుంటే కింది చప్పుడూ పై చప్పుడూ కలిసిపోయి ఎవరేం చెబుతున్నారో పెదాలు చూసి తెలుసుకునేవాళ్ళం. ఇక దూది నూగు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది పప్పులో ఉండేది, జడలో ఉండేది, కనురెప్పల మీద ఉండేది. షెడ్డు పిల్లలమంతా ఖాళీ కండెలు ఏరి కోటలు కట్టి, సాంచాల వణుకుకు ఎవరి కోట ముందు కూలుతుందో పందెం వేసుకునేవాళ్ళం. ఎవరూ తోడు లేనప్పుడు నేను చెక్కల సందుకు కన్ను ఆనించి కిందికి చూసేదాన్ని. కిటికీ పక్కనున్న సందులోంచి సరిగ్గా బాపు నడినెత్తి కనబడేది, సుడి చుట్టూ తెల్లగా నూగు పేరుకుని. ఎప్పుడైనా తలెత్తి నా కన్ను చూశాడంటే నాలుక బయటపెట్టి వెక్కిరించేవాడు.

ఆ కిటికీ దగ్గరే అవ్వ గులాబీలుండేవి. మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. ఊరు వదిలి వచ్చిన కొత్తలో అవ్వ ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూర్చునేదట, అది చూడలేక బాపు ఒకరోజు అంజూర్ ఫాటా దగ్గర తోపుడుబండి మీద అమ్ముతున్న బటన్ గులాబీ మొక్క తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడట. జానెడు మొక్క. దానికి కోటు గుండీ అంత ఎర్రటి పువ్వు, అంత చిన్నదాంట్లో కూడా రెక్క మీద రెక్క, రెక్క మీద రెక్క. ఆ ఒక్కదాని కొమ్మలు తుంచి గాజు గ్లాసు కింద బోర్లించి వేళ్ళు పట్టించి, ఇరుగుపొరుగుల దగ్గర గులాబీ రంగుదొకటి, తెల్లదొకటి సంపాదించి, అవ్వ కిటికీ నిండా డబ్బాలు పేర్చింది. అన్నీ డాల్డా డబ్బాలూ పగిలిన మగ్గులే. మేకు కాల్చి అడుగున బెజ్జాలు పొడిచి, బెజ్జం మీద పెంకు ముక్క పెట్టి, టెంఘర్ వైపు నుంచి తెప్పించిన ఎర్రమట్టిలో ఎండు పేడ నలిపి కలిపేది. ఎండ అన్ని వైపులా తగలాలని పొద్దున్నే ఒక్కో డబ్బానూ కాస్త తిప్పేది. వాడిన పువ్వును బాపు పోగులు కత్తిరించే చిన్న కత్తెరతో ఆకు పైదాకా కోసేది. ఆకుల మీద నూగు పడితే మొక్కకు ఊపిరాడదని తడికొంగుతో ఆకాకూ తుడిచేది, నా మొహం కూడా అంత ఓపికగా ఎప్పుడూ తుడవలేదు. నాకు కుళ్ళుగానే ఉండేది మరి.

చిక్కల్లా ఆ కిటికీ కింద బాపు సాంచా ఉండటం. ఒకసారి డబ్బా అడుగునుంచి కారిన ఎర్రనీళ్ళు సందులోంచి జారి తెల్లటి గుడ్డ మీద పడ్డాయి. రాజేశం సేటు మెట్ల దగ్గర నిలబడి షెడ్డంతా వినబడేలా అరిచాడు.

"నర్సయ్యా, ఇంకొక్క సుక్క నా మాల్ మీద పడ్డదంటే, నీ చెట్లు, నువ్వు, నీ పెండ్లం పిల్ల అందరు ఒక్కపారే దిగాలె!"

ఆ రోజు బాపు డబ్బాలన్నీ పారేస్తానని లేచాడు. అవ్వ వాటికి అడ్డంగా కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు, ఊరికే కూర్చుంది. చివరికి ప్రతి డబ్బా కిందా ఒక పళ్ళెం, నీళ్ళు చెంచాతో మాత్రమే అన్న ఒప్పందం కుదిరింది. అప్పట్నుంచి మా ఇంట్లో నీళ్ళ గ్లాసు ఒలికితే కూడా ముగ్గురం ఉలిక్కిపడి కిందికి చూసేవాళ్ళం.

ఆ యేడు బతుకమ్మ పండగకు మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, ఊరి నుంచి బస్సులో వచ్చింది. కొంగులో గునుగు పూలు, సంచిలో నువ్వులు, మక్క పేలాలు. వస్తూనే రోట్లో పల్లీలు దంచింది, రొట్టెలు నలిపి బెల్లం పోసి మలీద ముద్దలు కట్టి నా రెండు చేతుల్లో పెట్టింది. ఇల్లంతా నెయ్యి వాసన. గులాబీలకు నిండా మొగ్గలున్నాయి, సద్దుల బతుకమ్మ నాటికి విచ్చుకుంటే అంచు చుట్టూ పేరుస్తానని అవ్వ రోజూ వేళ్ళతో తాకి చూసుకునేది. బజారులో కొన్న బంతిపూలతోనే బతుకమ్మను పేర్చుకునే ఆ గల్లీలో తన చేత్తో పెంచిన పువ్వు పెట్టాలని ఆమెకు ఎంత ఆశ ఉండిందో నాకిప్పుడు అర్థమవుతుంది.

పండగ దగ్గర పడ్డాక ఒక పొద్దున, బాపు నేస్తున్న గుడ్డ చూడ్డానికి బయటి వ్యాపారి వస్తున్నాడని తెలిసింది. అవ్వ భయపడి మొక్కలకు ఆ చెంచాడు నీళ్ళు కూడా పోయకుండా బిందె పట్టుకుని నల్లా దగ్గరకు వెళ్ళింది. ఎండకు మొక్కలు తలలు వేలాడేశాయి. బాపమ్మ మనసు ఊరుకుంటుందా! ఊళ్ళో మగ్గం ఉన్న రోజుల్లో నూలుకు పట్టించగా మిగిలిన గంజి దొడ్లో చెట్ల మొదట్లో పోసేది, అవి ఏపుగా పెరిగేవి. నేతింటి ఆడవాళ్ళందరూ అదే చేసేవాళ్ళు. పక్క గల్లీలో నూలుకు గంజి పట్టించే సైజింగ్ కార్ఖానా ఉంది కదా, వెళ్ళి అడిగి చిన్న బకెట్టెడు తెచ్చేసింది. సైజింగ్ గంజిలో కుళ్ళకుండా మందులు, జారుడు కోసం కొవ్వు కలుపుతారని ఆమెకేం తెలుసు? నేను పేలాలు నములుతూ తిరిగి చూసేసరికి డబ్బాలన్నీ నిండి, పళ్ళేలు పొంగి, మట్టి కలిసిన గంజి చెక్కల మీద పాకుతోంది. సరిగ్గా అప్పుడే కింద సేటు గొంతు వినబడింది.

బోర్లా పడుకుని సందుకు కన్ను ఆనించాను. సాంచాలన్నీ ఆపించారు. సేటు, వ్యాపారి రెండు వైపులా నిలబడ్డారు, మధ్యలో చుట్టుకున్న తెల్లగుడ్డ. మొదటి చుక్క బాపు చేతి మీద పడింది. బాపు తలెత్తాడు. నా కన్ను చూశాడు. ఈసారి నాలుక బయటపెట్టలేదు. మరుక్షణం పోగు వెతుకుతున్నవాడిలా ఆ గుడ్డ మీదికి అడ్డంగా వంగాడు. రెండో చుక్క సరిగ్గా సుడిలో పడింది. మూడోది మెడ మీద. నా వెనక బాపమ్మ కట్టుకున్న చీర చెంగుతో చెక్కలు అద్దుతోంది, అవ్వ అప్పుడే పైకొచ్చి చూసి బిందె దించి బొంత లాగి పరుస్తోంది, అయినా సందులోకి దిగిందేదో దిగింది.

"ఏందిరా గట్ల మీద వడ్డవ్? జరుగు, మాల్ కనవడాలె గద!" అని సేటు అరిచాడు.

"పోగు తెగినట్టున్నది సేటూ, ఒక్క నిమిషం."

"నెత్తంత తడిసింది, ఏందది?"

"ఉక్కపోత సేటూ. చెమట."

వ్యాపారి నవ్వి, "బహుత్ గర్మీ హై భాయ్" అని రుమాలుతో తన మెడ తుడుచుకున్నాడు. బాపు జుట్టులోంచి చిక్కటి గంజి చెవి పక్కగా జారి కాలర్లోకి పోతోంది. భుజంతో కూడా తుడుచుకోలేదు. వాళ్ళిద్దరూ గుడ్డ అంచు పట్టి చూసి, తలూపి, అవతలి సాంచా వైపు నడిచేదాకా అలాగే వంగి ఉన్నాడు.

అన్నానికి పైకి వచ్చేసరికి గంజి ఎండి బాపు జుట్టు అట్టగట్టి నిటారుగా నిలబడింది. ఇంకోరోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. అవ్వ డబ్బాలన్నీ ఒళ్ళోకి తెచ్చుకుని కూర్చుంది. ఈసారి అడ్డు చెప్పే మొహం ఆమెకు లేదు.

"నేనే కొడుకా, నా చేతులిరగ," అంది బాపమ్మ. "ఎండుతున్నయని పోసిన. మనూర్ల పోస్తే మంచిగ బతికేటియి గద."

"గిది మనూరి గంజి గాదత్తా, మందుల గంజి," అంది అవ్వ చిన్నగా.

బాపు మూలనున్న బిందె చూశాడు. నల్లా మళ్ళీ మర్నాడు పొద్దున్నే. తాగే కుండ పోను ఇంట్లో ఉన్నది ఆ బిందెడే.

"గా నీళ్ళెందుకు?"

"నీ తానానికి," అంది అవ్వ.

బాపు అవ్వ ఒళ్ళోని డబ్బాల వైపు తిరిగాడు. ఆయన అరుస్తాడని ముగ్గురం ఎదురుచూస్తున్నాం.

"నాకొద్దు. గవ్విటి ఏర్లు కడుగు," అన్నాడు. తినేసి, ఆ నెత్తితోనే కిందికి దిగి సాంచా నడిపాడు. షెడ్డు వాళ్ళంతా ఏడిపిస్తే కొత్త కటింగని చెప్పాడట.

అవ్వ, బాపమ్మ కలిసి తొట్టిలో వేళ్ళు కడిగారు, మట్టి మార్చారు, కొమ్మలన్నీ మోడు దాకా కత్తిరించారు. మొగ్గలు ఒళ్ళో రాలాయి. బాపమ్మ వాటిని ఏరి కొంగున ముడేసుకుంది కానీ బతుకమ్మ మీద పెట్టడానికి అవి పనికిరాలేదు. బాపమ్మ తెచ్చిన గునుగు పోను, ఆ యేడు మా బతుకమ్మ కూడా కొన్న బంతిపూలదే. తర్వాత ఒక్క ఎర్రగులాబీ మోడు మాత్రం గణుపు దగ్గర చిగురు వేసింది. పొద్దున పనిలోకి దిగుతూ మొదట చూసింది బాపు. అవ్వ నల్లా దగ్గర్నుంచి రాగానే సాంచా ఆపి పైకి వచ్చి చెప్పి వెళ్ళాడు.

ఇప్పుడా షెడ్డు లేదు. సాంచాలు పాత ఇనుము కింద పోయాయి, అక్కడ గోదాము లేచింది. ఆ చిగురు వేసిన మొక్కా ఇల్లు మారడాల్లో ఎక్కడో పోయింది, నా బాల్కనీలో ఉన్నది నర్సరీలో కొన్నది. నేను గంజి కాస్తుంటే చాలు, మా అవ్వ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి ఆ కుండీ పక్కన కుర్చీ వేసుకుంటుంది. "గిన్నె అటు వెట్టు బిడ్డా," అంటుంది. ఇది సిమెంటు స్లాబు అవ్వా, కిందికేం కారదు అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. కుండీ కింది పళ్ళెంలోంచి ఒక్క చుక్క జారినా వంగి కొంగుతో తుడుస్తుంది. కింద నిలబడటానికి ఇప్పుడు బాపు లేడు.