పుస్తకాల గదిలో శనివారం

ధర్మవరం పట్టు మగ్గాల మీద పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. చంటిపాపకు పాలు పట్టి, హిందూపురంలో మా అత్త దగ్గర వదిలి, పెనుకొండలోని ఒక కాలేజీ లైబ్రరీకి వెళ్లాను. ఫోను, బ్యాగు కౌంటరు దగ్గరే పెట్టాలి. లోపలి గదిలో చివరి ర్యాకు వెనక నేలమీద కూర్చుని పాత థీసిస్‌లు చదువుతూ ఒళ్లు మరచిపోయాను.

తలెత్తేసరికి ఎక్కడా అలికిడి లేదు. గది తలుపు లాగితే రాలేదు. శనివారం ఒంటిపూటేనని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ తెరిచేది సోమవారమే! తలుపు బాదాను, గొంతు పోయేలా అరిచాను. పాలు చేపి బట్టలు తడిసిపోతుంటే, పాప ఆకలి తలచుకుని ఏడ్చేశాను.

మూలనున్న కంప్యూటర్లో లైబ్రరీ క్యాటలాగు తప్ప ఏదీ తెరుచుకోలేదు. అందులో పుస్తకం అడిగితే తన ఫోనుకు మెసేజీ వస్తుందని లైబ్రేరియన్ పొద్దున చెప్పారు. కనిపించిన పుస్తకమల్లా అడుగుతూ, ప్రతిదాని కింద "సార్, లోపలే ఉండాను, తాళం తీయండి" అని టైపు చేశాను.

పొద్దు వాలుతుండగా తలుపు తెరుచుకుంది.

"తొందర్లో నీ బ్యాగు చూసుకోకనే తాళమేసినా. ధర్మవరంలో రైలెక్కబోతా ఫోన్ చూసినానమ్మా. చూడకపోయింటే ఏం గతి?" అన్నారు లైబ్రేరియన్.

ఇంటికి ఫోన్ చేస్తే మా అత్త, "యాడుండావు రేష్మా? బిడ్డ సీసాపాలు తాగి పండుకుంది. నువ్వు నిదానంగా రా" అంది.

కొత్త లైబ్రరీకి వెళ్తే అక్కడి కంప్యూటర్ ఏమేం చేయగలదో ముందే అడిగి తెలుసుకోమని ఇప్పుడు నా విద్యార్థులకు చెబుతుంటాను. నేను మాత్రం తలుపు కనిపించే చోటే కూర్చుంటాను.

– ఎస్. రేష్మా, హిందూపురం