మేనత్త ఊళ్ళో ఏటి గట్టు

మా నాన్న పుట్టింది బర్మాలో. మా వాళ్ళు ఆ దేశం మొత్తాన్నీ రంగం అనేవారు. శ్రీకాకుళం వైపు నుంచి ఆయన తాత కూలికని ఓడెక్కి వెళ్ళి, మౌల్మీన్ అవతల ఒక పల్లెలో అడవి నరికి పొలం చేసుకున్నాడు. కొన్ని తరాలు అక్కడే బతికాక, పరాయివాళ్ళు ఉండటం కష్టమైన రోజులొచ్చాయి. నాన్న కొత్తగా పెళ్ళయిన మా అమ్మను తీసుకుని కలకత్తా వచ్చేశాడు. ముందు పని చూసుకుని, తర్వాత తల్లిని రప్పించుకోవాలనుకున్నాడు. ఖిదిర్‌పూర్ డాకులో ఖలాసీ పని దొరికింది, గార్డెన్ రీచ్‌లో ఒక గది దొరికింది. ఈలోగా అటు దారి మూసుకుపోయింది. నాన్నమ్మ అక్కడే, తన పెద్దకూతురి దగ్గర, కన్నుమూసింది. ఆ కబురు ఎవరో మనిషి ద్వారా చేరేసరికి నేను కూడా పుట్టేశాను.

నాన్న రిటైరయ్యాడు, అమ్మ పోయింది, రంగం దారి మళ్ళీ తెరుచుకుంది. అప్పటినుంచి ఆయనకు ఒకటే ధ్యాస.

"అమ్మని మట్టిలో పెట్టిన ఏటిగట్టుకి ఒక్కపాలి ఎల్లి రావాల. సేత్తో ఇన్ని నీళ్ళు పొయ్యాల" అనేవాడు.

లిలువా రైల్వే వర్క్‌షాపులో చేసే తమ్ముడికి సెలవు దొరకలేదు. నేను చిన్నపిల్లలకు తెలుగు చెప్పే పంతులమ్మను. బడికి శీతాకాలం సెలవులివ్వగానే నేనే ఆయన్ని తీసుకుని బయలుదేరాను. దమ్‌దమ్‌లో విమానం ఎక్కాక నాన్న ఓడ సంగతులు మొదలుపెట్టాడు, సముద్రం మీద మా అమ్మ వాంతులతో తల ఎత్తలేకపోయిన సంగతి. ఆ కథ పూర్తికాకముందే విమానం రంగంలో దిగింది. ఆయన కాసేపు సీట్లోంచి లేవలేదు. ఇంత దగ్గరా అన్నట్టు చూశాడు.

రైలు, బస్సు, చివరికి ఎద్దుబండి. నాన్న అక్క, మా మేనత్త ఇల్లు గుంజల మీద కట్టిన చెక్క ఇల్లు. ఆమె మెట్ల మీద కూచుని ఉంది. చూపు మందగించింది. నాన్న ముఖాన్ని రెండు చేతులతో తడిమి చూసింది.

"ముసిలోడివయిపోనావురా" అంది.

"నువ్వు మాత్రం పడుసుదానివా అప్పా" అన్నాడు నాన్న.

అత్త పక్కకు జరిగి ఆయనకు మెట్టు మీద చోటిచ్చింది. చుట్టూ ఊరివాళ్ళు చేరారు.

నన్ను ఆశ్చర్యపరిచింది నాన్న. కలకత్తాలో ఆయన మాట తక్కువ మనిషి. సగం బెంగాలీ, సగం హిందీ, "హా దాదా, ఠీక్ ఆఛే", అంతటితో సరి. ఇక్కడ బర్మా మాట ఆయన నోట ఏరులా పారింది. పక్కింటి ముసలాయనతో ఏదో చెప్పి పకపకా నవ్వాడు. మా నాన్న మనుషుల్ని నవ్వించగలడని నాకు అంతవరకూ తెలియదు.

అత్త కూతురు, నాకు వదిన, తెలుగు మాట్లాడగలదు గానీ చదవలేదు. పొద్దున్నే నన్ను బావి దగ్గరికి తీసుకెళ్ళి, తనూ లుంగీ రొమ్ముల మీదికి కట్టుకుని నాకూ కట్టి, చేదతో నీళ్ళు పోసేది. తర్వాత చెట్టు బెరడు గంధంలా అరగదీసి నా బుగ్గలకు రాసేది. ఒక గదిలో నలుగురం, వీధి కొళాయి దగ్గర వరస, అలా పెరిగినదాన్ని నేను. ఆకాశం కింద తీరిగ్గా తల తడుపుకోవడం ఎంత సుఖమో అప్పుడే తెలిసింది. చేపల పులుసులో బియ్యప్పిండి సేమ్యా వేసుకుని తిన్నాం. కళ్ళంలో నూర్పులవుతుంటే గడ్డి మోశాను. రబ్బరు తోటల్లో తిరిగాను. ఊరి బౌద్ధగుడి పక్కనే మా వాళ్ళు పెట్టుకున్న అమ్మవారి గుడిసె ఉంది, పసుపు పెట్టి మొక్కాను.

ఇన్నిటి మధ్య నాన్న రోజూ అదే అడిగేవాడు. "అప్పా, అమ్మ కాడికి ఎప్పుడెల్దాం?"

అత్త ఒకరోజు, అలిసిపోయి ఉన్నావు అంది. ఇంకోరోజు, నూర్పులు కానీ అంది. మరోరోజు చుట్టాలొస్తారంది. ఆ మాట వచ్చిందంటే ఆమె చేతిలో పని వేగం పెరిగేది. వదినను అడిగితే తల దించుకుంది.

"అమ్మ సెప్తాది. నాను సెప్పకూడదు" అంది.

తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక ఒక ఉదయం అత్తే బండి కట్టించింది. నలుగురం ఏటి దగ్గరికి వెళ్ళాం. అవతలి ఒడ్డు సరిగ్గా కనపడనంత వెడల్పు ఏరు. నాన్న చెంబుతో దిగి, గట్టంతా కళ్ళతో వెతికాడు.

"ఏ కాడప్పా?"

అత్త వదిన చెయ్యి పట్టుకుని అంచుదాకా నడిచింది. "పడవేటైనా కనపడతన్నాదా?" అని కూతుర్ని అడిగింది. ఉందంది వదిన. అత్త నీళ్ళ నడిమికి చెయ్యి చాపింది.

"ఆ పడవున్న కాడ. గట్టు అంతవరకూ ఉండీది. అమ్మని పెట్టిన రెండో వానలకే ఏరు కోసుకుపోనాది."

నాన్న ఆమెవైపు తిరిగాడు. "మరి ఇన్నాళ్ళూ కబురు సెయ్యలేదేటి?"

"ఏటని సేస్తాను? అమ్మని నాకప్పజెప్పి ఎల్లినావు. సచ్చినాక కూడా నాను కాసుకోలేకపోనానని సెప్పీదా?"

ఆ మాట అనడానికి ఆమె ఎన్ని వానలు మోసిందో. నాన్న అక్కడే ఇసకలో కూలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళబోతే వదిన వద్దని సైగ చేసింది. ఆయన చెంబు పక్కన పెట్టి అడిగాడు.

"ఆకర్న అమ్మ బాధపడినాదా?"

"లేదు. కోతల్రోజులు. జొరమొచ్చి రెండ్రోజులు పడుకున్నాది. ఉప్పుసేప కాల్చి పెట్టమన్నాది. నీ పెళ్ళాం నీళ్ళోసుకున్నాదా, కబురేటైనా వచ్చినాదా అని అడిగినాది."

"నువ్వేటి సెప్పినావు?"

"వచ్చినాదనే సెప్పినాను. అబద్దమే. నవ్వుకున్నాది."

అబద్ధం కాదు. అప్పటికి నేను అమ్మ కడుపులో పడే ఉంటాను. నాన్న నావైపు చూశాడు, అత్త కూడా తన మసక కళ్ళతో నేనున్న దిక్కు చూసింది.

జాలరి ఒకతను తన పడవలో మమ్మల్ని నడిమికి తీసుకెళ్ళాడు. నాన్న బియ్యం చల్లి, చెంబుతో నీళ్ళు తీసి తిరిగి ఆ నీళ్ళలోనే పోశాడు. అత్త ఆయన భుజం పట్టుకుని కూచుంది.

"నాను లేని కాడ నువ్వున్నావప్పా. నువ్వు కాసుకున్నావు" అన్నాడు.

ఆ మిగిలిన రోజులు అత్త మరో మనిషి. చెల్లెళ్ళతో తన తగాదాలు, నాన్న చిన్నప్పుడు గేదె మీంచి పడ్డ కథ, అన్నీ చెప్పింది. బయలుదేరే రోజు మాత్రం మెట్లు దిగలేదు. లోపలినుంచే "ఎల్లిరారా" అంది.

ఆ వచ్చే వానాకాలమే అత్త పోయింది. ఈసారి కబురు మర్నాటికే, మౌల్మీన్ నుంచి వదిన ఫోను చేస్తే, మా వీధి మొదట్లోని మందుల దుకాణానికి వచ్చింది. నేను ఫోను పట్టుకుని ఉండగా నాన్న పక్కన నిలబడ్డాడు. ఏడవలేదు.

"మెట్ట మీద పెట్టమని సెప్పమ్మా" అన్నాడు.

అప్పటికే పెట్టేశామంది వదిన, ఏటికి దూరంగా, రబ్బరు తోటకు ఎగువన. ఆ మాట చెబితే నాన్న తల ఊపి, ఇంటికి నడిచి, మైలస్నానానికి నీళ్ళు పెట్టమన్నాడు.