చౌడేపల్లె సైకిల్ కేసు

దయ్యాలంటే నాకు నవ్వు. పదకొండేళ్లు ఆసుపత్రిలో పనిచేశాను. మార్చురీ పక్క గదిలోనే క్యారేజీ విప్పి తిన్నాను. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే "పని చూసుకోండప్పా" అని లేచి వెళ్లిపోయే రకం. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

2003 ప్రాంతంలో మదనపల్లెలో ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో ఉండేదాన్ని. డిశ్చార్జి అయినవాళ్లవీ చనిపోయినవాళ్లవీ కేసు షీట్లు మా దగ్గరికొచ్చేవి. ఏ ఎముక విరిగిందో ఒక కోడ్, దెబ్బ ఎలా తగిలిందో ఇంకో కోడ్ వేయాలి. సైకిలు ఒక్కదానికే బోలెడు కోడ్‌లు: కుక్క అడ్డం వస్తే ఒకటి, జీపో కారో గుద్దితే ఒకటి, తనంతట తాను పడితే ఒకటి. కట్టలు పేరుకుపోతుంటే ముందు పేజీ చూసి కోడ్ వేసేసేవాళ్లం. వెనక్కి తిప్పేంత ఓపిక ఎవరికుంది?

చౌడేపల్లె రైతు ఒకాయన కూతుర్ని పుంగనూరు హాస్టల్లో దింపడానికి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వెళ్తూ పడ్డాడు. తలకు దెబ్బ. మూడోరోజు చనిపోయాడు. ముందు పేజీలో "సైకిలు మీంచి పడ్డాడు" అని ఉంది. తనంతట తాను పడిన కోడ్ వేసి పక్కన పెట్టాను.

వారం తర్వాత పొద్దున ఆయన తల్లి, ఆ రోజు సైకిలు మీదున్న పన్నెండేళ్ల మనవరాలు లలితను వెంటబెట్టుకుని కాయితాల కోసం వచ్చింది. "అందులో ఏమని ఉండాదమ్మా?" అని అడిగింది.

తల ఎత్తకుండానే "తనే పడ్డాడని ఉంది" అన్నాను.

అంతే, ముసలామె ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరిచింది. "సూసినావా! నువ్వు సక్రంలో కాలు పెట్టబట్టే నా ఒక్కగానొక్క కొడుకు పోయినాడు!" పిల్లకు పడిన సంగతే గుర్తులేదట. ఏడవను కూడా లేదు.

ఆ మధ్యాహ్నమే కిటికీ దగ్గర ఒకాయన నిలబడ్డాడు. తలకు కట్టు, చొక్కా నిండా మట్టి. "చౌడేపల్లె సైకిల్ కేసు తప్పు రాసినారమ్మా. ఎనకనుంచి జీపు గుద్దింది. మా పాప కాలు పెట్టలే."

నాకు ఆకలి, చిరాకు. "భోజనం వేళప్పా, రేపు రా" అని కిటికీ రెక్క వేసేశాను.

చెయ్యి కడుక్కుంటుంటే మనసు పీకింది. వెళ్లి షీటు తీశాను. దానికి జతచేసిన రేషన్ కార్డు జిరాక్సులో ఫొటో. అదే మనిషి! షీటు వెనక్కి తిప్పాను. నర్సు రాసి ఉంది: "వెనకనుంచి జీపు గుద్దిందని తీసుకొచ్చినవాళ్లు చెప్పారు."

కోడ్ మార్చాను. వాళ్లకు చెప్పడానికి ఆ ఊరికి మాత్రం వెళ్లలేదు. చచ్చినాయన వచ్చి చెప్పాడంటే నవ్వుతారని సాకు చెప్పుకున్నాను. దొంగ సాకు. నర్సు రాసిన ఆ ఒక్క వాక్యం చాలదా? నా తప్పు బయటపడుతుందని భయం, సిగ్గులేని భయం.

ఆరేళ్ల తర్వాత కుప్పంలో మా అక్కవాళ్లింటి పక్క టైలరింగ్ షాపులో లలిత కనిపించింది. పేరు, ఊరు విని గుర్తుపట్టాను. తండ్రి పోయినప్పుడే బడి మాన్పించి మేనత్త ఇంటికి పంపేశారట. నాయనమ్మ చనిపోయేదాకా ఆ పిల్లతో మాట్లాడలేదట. కూర్చోబెట్టి అంతా చెప్పాను, వాళ్ల నాయన వచ్చిన సంగతితో సహా.

ఆయన ఎలా వచ్చాడో నాకిప్పటికీ తెలియదు. కట్టు చూశాను, మాట విన్నాను, అంతకుమించి చెప్పలేను. లలిత దాని గురించి అడగనే లేదు. మిషన్ ఆపి నా వైపు చూసింది.

"ఆ పొద్దే ఏల చెప్పలేదక్కా? మా అవ్వ బతికే ఉండె కదా."