మూతల తమ్ముడూ, నీళ్లు లేని ఉప్పూ

మా ఎదురింటి తమ్ముడికి మూతల తమ్ముడని పేరు పెట్టింది నేనే. మూత తీసి ఉన్న సీసా కనబడితే చాలు, ఎవరిదైనా సరే బిగించేస్తాడు. ఇరవై రెండేళ్లుగా ప్రయోగశాలలో పనిచేసి అలా తయారయ్యాడు. కొత్తరకం బ్యాటరీల్లో పోసే ద్రవాన్ని ఆరబెట్టి, బొత్తాలంత బ్యాటరీలు కూర్చడం అతని పని.

ఆమధ్య మా వంటింట్లో ఉప్పు సీసా బిగించి పోయాడు. ముగ్గురం కుస్తీ పట్టినా మూత కదల్లేదు. సీసా చంకన పెట్టుకుని వాళ్లింటికి వెళితే, మెట్ల మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది తమ్ముడూ, ముఖం అలా వేలాడేశావు?"

"మూడు విడతలు పోయాయక్కా. బ్యాటరీలు రెండో రోజుకే ఉబ్బిపోతున్నాయి. ఈసారీ పోతే ఈ పని ఇంకొకరికిస్తానని మా పెద్ద మేడమ్ చెప్పేసింది. నా చేతిలోనే ఏదో తేడా వచ్చినట్టుంది."

"అసలా ద్రవం ఏమిటి?"

"ఉప్పే."

"ఉప్పునీళ్లా?"

"నీళ్లుండవు. ఉత్త ఉప్పే. మామూలు వేడికే కరిగి ఉంటుంది. కరెంటుని మోస్తుంది, ఆవిరైపోదు."

నా సీసా ఊపి చూశాను. గలగలమంది. నాకు బుర్ర తిరిగిపోయింది.

"నీళ్లు లేనిదాన్ని ఆరబెట్టడమేమిటి నాయనా?"

"గాలిలోని చెమ్మ లాగేసుకుంటుందక్కా. చెమ్మ చేరితే బ్యాటరీ ఉబ్బిపోతుంది. అందుకే గాలంతా తోడేసి, రోజంతా వేడి మీద ఉంచుతాను. కొలిచాను కూడా, చెమ్మ లేనట్టే."

"ఆ తర్వాత?"

"గాలి చొరబడని గాజు పెట్టెలో చేతులు దూర్చి, రెండు రేకుల మధ్య కాగితం బిళ్ళ పెట్టి, దాని మీద ఆ ద్రవం చుక్కలు వేస్తాను."

"ఆ బిళ్ళలెక్కడుంటాయి?"

"ఆ పెట్టెలోనే ఉండేవి. అవి అయిపోయాక కొత్త ప్యాకెట్టు విప్పి, నా బల్ల సొరుగులో..." అంటూ ఆగిపోయాడు. "అక్కా! బిళ్ళల్ని ఆరబెట్టలేదు!"

"కాగితం పొడిగానే ఉంటుందిగా?"

"పొడిగానే ఉంటుంది, కానీ తడి ఉంటుంది!" అంటూ చెప్పులేసుకుని పరుగెత్తాడు. నా సీసా సంగతి మరిచేపోయాడు.

బిళ్ళల్ని వేడిలో ఆరబెట్టి నాలుగో విడత కూర్చాడట. వారమైనా ఒక్కటీ ఉబ్బలేదు. పని అతని చేతిలోనే ఉంది. నిన్న వచ్చి, "నువ్వడగబట్టే దొరికిందక్కా" అన్నాడు. ఏం దొరికిందో నాకు మాత్రం అంతుపట్టలేదు. పొడి కాగితంలో తడేమిటి? నీళ్లు లేకుండా ఉప్పు నీళ్లలా ఉండటమేమిటి? మళ్లీ మొదటినుంచీ అడిగాను. మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. అంతా విన్నాక ఇంకాస్త అయోమయంలో పడ్డాను.

పోతూపోతూ ఉప్పు సీసా మూత తీసి పెట్టాడు. నేను చెంచా తెచ్చేలోగా మళ్లీ బిగించేశాడు.