దింపు తీస్తే చల్లారిన నక్షత్రం

పక్కింటి పిన్నిగారి బల్బు వల్లే నా పరిశోధన పాడైందని నరసాపురంలో ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. అలా నమ్మించింది నేనే. అసలు జరిగిన ఘోరం చెబుతాను. నవ్వకుండా చదివితే మీది మామూలు గుండె కాదు.

తొంభైల చివర్లో నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. డాబా మీద టెలిస్కోపు పెట్టుకుని, ఆకాశానికి మునసబు నేనే అన్నట్టు తిరిగేవాణ్ణి. ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం ఉన్నట్టుండి భగ్గుమని చల్లారిందనీ, మళ్లీ మండుతుందేమో చూసి చెప్పమనీ ఓ శాస్త్రవేత్త మాలాంటి ఔత్సాహికుల్ని కోరారు. మసకగా, అణకువగా ఉండే చిన్న నక్షత్రం. కోపమొస్తే మాత్రం మా ప్రిన్సిపాలే.

మొదటి సాయంత్రమే మండింది. ఆరింది. సముద్రపు గాలి ఊపందుకునేసరికి పెళ్లిపందిట్లో సీరియల్ లైట్లలా మండుతూ ఆరుతూ నన్ను ఆనందంలో ముంచెత్తింది. రోజూ ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి ఆయనకు చెప్పేవాణ్ణి.

పిన్నిగారు వరండాలో బల్బు కింద లేసు అల్లి ఇల్లు నడిపేవారు. ఆ వెలుగు సైన్సుకి అడ్డమని ఆర్పించాను. పాపం, కొన్నాళ్లు ఓర్చుకుని, ఓ సోమవారం మళ్లీ వేశారు.

"చీకట్లో అల్లిక తప్పుతోంది మాస్టారూ. ఎల్లుండే సరుకు ఇవ్వాలి. ఈసారి ఆలస్యమైతే మళ్లీ మాకు పనివ్వరండి."

ఆ సాయంత్రం నక్షత్రం ఒక్కసారి కూడా మండలేదు. గోడ మీదుగా, వీధంతా వినేలా ఆవిడని దులిపేశాను. ఆవిడ బల్బు ఆర్పి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు ఫోన్లో, నక్షత్రం నిన్నటి నుంచి చల్లారిపోయిందని చెప్పాను.

"మిగతా నక్షత్రాలో?" అన్నారాయన.

"అవీ దీనితోపాటే మండేవండి. ఇప్పుడవీ చల్లారాయి."

"అన్నీనా? నిన్న అక్కడ ఏమైనా జరిగిందా?"

"ఏమీ లేదండి. పక్కింట్లో కొబ్బరి దింపు తీయించారు. కాయలతోపాటు వేలాడే ఆకులు కూడా కొట్టించేశారు."



"ఆ చెట్టు ఎటువైపు ఉందండీ?"

"నక్షత్రం వైపేనండి," అన్నాను. అన్నాక అర్థమైంది. కొబ్బరాకు అడ్డమొస్తే ఆరింది, గాలికి తప్పుకుంటే మండింది. గుండు కొట్టించుకున్న ఆ చెట్టు కింద నుంచే తలొంచుకుని పిన్నిగారింటికి వెళ్లి జరిగింది చెప్పాను.

"అయితే మా చెట్టుదే తప్పంటారా?" అన్నారావిడ.

"కాదండి, నాదే."

ఆవిడ స్విచ్ వేశారు. కరెంటు పోయింది. నేను పరుగున వెళ్లి, నక్షత్రపటం చూసుకోవడానికి ఎర్ర కాగితం చుట్టిన నా టార్చి తెచ్చాను. ఎర్ర వెలుగులో దారమే కనబడటం లేదన్నారు. కాగితం చింపి, ఆఖరి అంచు పూర్తయ్యేదాకా పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి నొప్పెట్టి ఊగినప్పుడల్లా ఆవిడ సూది ఆపి, తల ఎత్తకుండానే అనేవారు:

"కదపకండి మాస్టారూ. మండి ఆరుతోంది."

సరుకు వేళకి అందింది. కనుక పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై సూర్యుడు మండుతున్నాడని చెప్పాలన్నా, మధ్యలో ఏ చెట్టూ లేదని చూసుకున్నాకే చెబుతాను.