కాల్వ సాబుకు కాఫీ, చెరుకు సారుకు చాయ్

ఆ రోజుల్లో సర్కారు ఆఫీసులు పడని తోడికోడళ్లలాగా ఉండేవి. ఒకే చూరు కింద కాపురం, మాటలు మాత్రం ఉండవు. బోధన్‌లో నేను చాయ్ కాచే చోట కాల్వల ఆఫీసుకూ చెరుకు ఆఫీసుకూ నడుమ ఒక్క గోడే. కాల్వ సాబుది నిజాం కాలం నాటి నౌకరీ, ఉర్దూ మాట, సాసర్‌లో పోసుకుని జుర్రే చాయ్. చెరుకు సారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. కాఫీ పడనిదే ఆయన కలం కదలదు. అడగడం చెరుకు సారుకు చిన్నతనం, అడగకుండా చెప్పడం కాల్వ సాబుకు నామోషీ.

ఆ ఏడు చెరుకు సారు చెప్పాడని మా ఆయన విత్తనం చెరుకు నరికి గట్టు మీద వేశాడు. కాల్వలో చుక్క నీరు లేదు. ముక్కలు ఎండితే ఇక మొలవవు. నీళ్లెప్పుడని అడిగితే చెరుకు సారు, "అది కాలవ వాళ్లు చెప్పాలమ్మా, మేం వెళ్లి అడగం" అన్నాడు. కాల్వ సాబు, "ఆళ్లొచ్చి అడగాలె, మాకేం గరజు?" అన్నాడు. (ఇద్దరికీ కాళ్లున్నాయి, నేను చూశాను.) నాకు ఒళ్లు మండింది. మరునాడు కాల్వ సాబు బల్ల మీద కాఫీ, చెరుకు సారు బల్ల మీద చాయ్ పెట్టి వచ్చి, ఏమీ ఎరగనట్టు పొయ్యి ఊదుకుంటూ కూర్చున్నాను. ఇద్దరూ కప్పులు పట్టుకుని ఒక్కసారే వరండాలోకి వచ్చారు.

"క్యా సార్, నా చాయ్ మీ దగ్గరికొచ్చిందా?" అన్నాడు కాల్వ సాబు.

"మీ చాయ్ ఎవడిక్కావాలండీ! నీళ్లేవని రైతులు నా ప్రాణం తీస్తున్నారు."

"ఇప్పుడు నీళ్లెందుకు? చెరుకు నాటేది వచ్చే నెల గదా!"

"అందరూ నరికి కూర్చున్నారండీ!"

"అరె! జెర చెప్పొద్దా? ఎప్పుడో తూము తీపిస్తుంటి!"

"మీరు అడగలేదు!"

"మీరు చెప్పలేదు!"

ఇక అనుకోవడానికి ఏమీ మిగలక ఇద్దరూ నా వైపు తిరిగారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పయింది సాబ్, కప్పులు ఉల్టా అయినయ్" అన్నాను.

తెల్లారేసరికి తూము లేచింది. మా ఆయన బురదలో ముక్కలు నాటుతూ, "నీళ్లెవరు ఇడ్సిండ్రే?" అని అడిగాడు.

"నేనే."

"ఆఁ, నువ్వు పెద్ద ఇంజినీరువు మరి!" అని పొలమంతా వినబడేలా నవ్వాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన పోయేదాకా నమ్మలేదు. అయినా చుట్టాలొస్తే చాలు, "మా ఇంటిదానికి చెప్పుండ్రి, కాల్వకు నీళ్లు ఇడిపిస్తది" అనేవాడు. ఎగతాళే అనుకోండి, నేను మాత్రం నిటారుగా కూర్చునేదాన్ని. ఇప్పుడు నడుం వంగింది, ఆ మాట అనేవాడూ లేడు. గుర్తొచ్చినప్పుడు మాత్రం, ఇదిగో, ఇట్లా నిటారుగానే కూర్చుంటాను.